కృత్రిమపు కీలులోని ప్లాస్టిక్ ఎంతకాలము మన్నును?

తుంటి కీలు అనగా ఒక గిన్నె, అందులో తిరుగు ఒక గుండు. గిన్నె కటి ఎముకలో నున్నది. గుండు తొడ ఎముక తల. ఈ రెంటి నడుమ మృదులాస్థి పొరయు, కీలు ద్రవమును ఉండుటచే అవి ఒరిపిడి లేక కదలును. వ్యాధిచే ఆ పొర పోయినపుడు ఎముకపై ఎముక రాచుకొని, నాలుగడుగులు వేయుటయే గగనమగును. అట్టి కీలును తొలగించి, లోహపు గుండును ప్లాస్టిక్ గిన్నెను అమర్చు పద్ధతిని, ఇంగ్లండులో లాంకషైరు నందలి రైటింగ్టన్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జాన్ ఛార్న్లీ రూపొందించెను.

ఆయన మొదట ఎన్నుకొన్న ప్లాస్టిక్ టెఫ్లాన్. ఘనపదార్థములలో ఇంత నునుపైనది అరుదు. పైగా శరీర ద్రవములతో రసాయన చర్య జరుపదు. ఇంతకన్న తగినది వేరేమి కావలెను? 1958 మొదలు కొన్ని సంవత్సరములలో సుమారు 300 మందికి ఈ గిన్నెలు అమర్చిరి. నొప్పి పోయినది, రోగులు నడచిరి. కాని రెండు మూడేండ్లు గడచునప్పటికి గుండు గిన్నెలోనికి మిల్లీమీటర్ల కొలది దిగబడసాగెను. అరిగిన పొడి చుట్టునున్న కణజాలమున చేరి వాపు కలిగించి, గిన్నెను సడలించెను. మరల కోసి వానిని తీయవలసి వచ్చెను.

ఘర్షణ తక్కువైనచో అరుగుదలయు తక్కువగా నుండునని తోచుట సహజము. కాని ఈ రెండును వేరు. ఒక తలము మరియొక దానిపై జారుటకు ఎంత బలము కావలెనో ఘర్షణ తెలుపును. జారునపుడు ఎంత పదార్థము ఊడివచ్చునో అరుగుదల తెలుపును. పెన్సిలులోని గ్రాఫైటును తలచుకొనిన చాలును. కాగితముపై అది హాయిగా జారును, జారుటలోనే తరిగిపోవును. టెఫ్లాన్ అణుశృంఖలములును ఇట్లే ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండవు. నునుపునకు కారణమైన గుణమే అరుగుదలకును కారణమైనది.

1962 మే నెలలో, మగ్గముల పళ్లచక్రములకు వాడు ప్లాస్టిక్ ముక్క ఒకటి ఒక అమ్మకందారు ద్వారా ఆసుపత్రి ప్రయోగశాలకు చేరెను. అది మిక్కిలి హెచ్చు అణుభారము గల పాలిథిలీన్. గోరు గుచ్చి చూచి ఛార్న్లీ పెదవి విరిచెను. సహాయకుడు హారీ క్రేవన్ మాత్రము, ఆయన ఊరిలో లేని సమయమున, దానిని అరుగుదల యంత్రమున కెక్కించెను. రాత్రింబవళ్లు మూడు వారములు నడచినను, టెఫ్లాన్ ఒక్క రోజులో అరుగునంత కూడ అది అరుగలేదు! ఆ నవంబరు నుండి పాలిథిలీన్ గిన్నెలు వాడుకలోనికి వచ్చెను. ఛార్న్లీ అంతటితో ఊరకొనలేదు. రెండు ప్లాస్టిక్కుల పొడిని తన తొడలోనికే ప్రవేశపెట్టుకొని నెలల తరబడి వేచియుండెను. టెఫ్లాన్ ఉంచిన చోట గట్టి గడ్డలు చేతికి తగిలెను. పాలిథిలీన్ ఉంచిన చోట అట్టివి లేవు. ఈ సంగతిని ఆయన 1963లో ప్రకటించెను.

అయినను పాలిథిలీన్ అరుగనిది కాదు. ఛార్న్లీ గుండు వ్యాసము 22.225 మిల్లీమీటర్లు. అది ఏడాదికి 0.1 మిల్లీమీటరు లోపలికి దిగిన, అరిగిన ఘనపరిమాణము సుమారు 39 ఘనపు మిల్లీమీటర్లు. సాంద్రత 0.93 గనుక, ద్రవ్యరాశి 36 మిల్లీగ్రాములు. ఒక కాలు ఏడాదికి సుమారు 10 లక్షల అడుగులు వేయునని అంచనా. కనుక అడుగునకు ఊడునది గ్రాములో కోటి వంతుకన్నను తక్కువ. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా వేసి చూడవచ్చును. ఆ కొంచెమే మైక్రానుకన్న చిన్న రేణువులుగా విడి, కోట్ల కొలది పోగుపడును. శరీరరక్షణ కణములు వానిని మ్రింగి జీర్ణింపలేక, చుట్టునున్న ఎముక కరగుటకు దారితీయును.

ఇంత స్వల్పమును కొలుచుట ఎట్లు? తొలినాటి యంత్రములలో పెక్కు, ప్లాస్టిక్ ముక్కను లోహముపై ఒకే గీత వెంట రుద్దుచుండెను. అవి చూపిన అరుగుదల రోగులలో కనబడిన దానిలో వందవ వంతు కూడ లేకపోయెను. ఒకే దిశలో రుద్దిన శృంఖలములు ఆ దిశకే బారులు తీరి గట్టిపడును. నడచువాని కీలులో మాత్రము గుండు ముందువెనుకలకే గాక ప్రక్కలకును మెలితిరుగుచు, బారులకు అడ్డముగా రాచును. వెదురుబద్దను పొడవునా లాగి త్రెంపుట కష్టము. అడ్డముగా విడదీసిన పేడులుగా చీలును. అడ్డపు కదలిక ప్రాముఖ్యము 1990ల నడుమనే బాగుగా స్థిరపడినది.

నేటి అంతర్జాతీయ ప్రమాణము, ఐ.ఎస్.ఒ. 14242, ఈ మెలికలను యంత్రమునకు నేర్పుచున్నది. సెకనుకొక అడుగు; గరిష్ఠ భారము 3,000 న్యూటన్లు; ఉష్ణోగ్రత 37 డిగ్రీలు; మొత్తము 50 లక్షల అడుగులు. ఆపి తూచు కాలము కలుపకయే 58 రోజులు. కందెనగా నీరు పనికిరాదు. నీటిలో ప్లాస్టిక్ లోహమునకు అంటుకొనును, శరీరములో అట్లు జరుగదు. అందుచే దూడ రక్తము నుండి తీసిన సీరమును పలుచన చేసి వాడుదురు. అరుగుచున్న గిన్నె ద్రవమును పీల్చుకొని బరువు పెరుగుటయు కలదు! కనుక భారమే తప్ప కదలిక లేని మరియొక గిన్నెను అదే ద్రవములో నుంచి, అది పెరిగిన బరువును లెక్కలో సరిచేయుదురు.

కాలము చేయు చెరుపు వేరు. క్రిములను చంపుటకు గామా కిరణములు సోకించినపుడు కొన్ని శృంఖలములు తెగి, తెగిన కొనలు గాలిలోని ఆక్సిజనుతో కలిసి, ప్లాస్టిక్ ఏండ్ల తరువాత పెళుసెక్కును. దీనిని త్వరగా రప్పించి చూచుటకు ముక్కలను 70 డిగ్రీల వద్ద, 5 వాతావరణముల పీడనము గల ఆక్సిజనులో 14 రోజులుంచి, అటుపిమ్మట అరుగుదల యంత్రమున కెక్కింతురు. చిత్రమేమనగా, ఆ కిరణములనే హెచ్చుగా, 50 నుండి 100 కిలోగ్రేల వరకు సోకించి వెంటనే వేడిచేసినచో, శృంఖలములు అడ్డముగా ముడివడి అరుగుదల ఎంతో తగ్గును. 1990ల చివరినుండి ఇట్టి గిన్నెలు వచ్చినవి. ఇందును లోపము లేకపోలేదు: పగులును ఓర్చు శక్తి కొంత తగ్గును. అందుచే పగుళ్ల పరీక్ష వేరుగా చేయుదురు.

ఇంతచేసినను ఆ 50 లక్షల అడుగులు సమతలముపై తిన్నగా నడచు మనిషి అడుగులే. మెట్లెక్కుట, తొట్రుపడుట, నేలపై బాసింపట్టు వేసికొని కూర్చుండి లేచుట అందులో లేవు. కొన్ని ప్రయోగశాలలు ఇట్టి కదలికలను కూడ తమ యంత్రములకు చేర్చి చూచుచున్నవి.