పక్కింటిని చూసి చేసే అప్పు: 'ద జోన్సెస్' చెప్పే నిజం

2009 నాటి హాలీవుడ్ వ్యంగ్య చిత్రం 'ద జోన్సెస్'లో ఒక ధనికుల కాలనీలోకి చూడముచ్చటైన కుటుంబం దిగుతుంది. డేవిడ్ డుకోవ్నీ, డెమీ మూర్ భార్యాభర్తలుగా కనిపిస్తారు. నిజానికి వాళ్లది కుటుంబమే కాదు, నలుగురూ ఒక కంపెనీ ఉద్యోగులు.

వాళ్ల కారు, ఫోన్లు, నగలు, బట్టలు అన్నీ అమ్మకానికి పెట్టిన సరుకే. ప్రకటన అని ఎక్కడా చెప్పరు. వాడి చూపిస్తారంతే. చూసినవాళ్లు కొంటారు. ఎవరి వల్ల ఎంత అమ్ముడైందో కంపెనీ లెక్క కడుతుంది.

పక్కింటి లారీ భార్య మెప్పు కోసం కొనుక్కుంటూ పోతాడు. అప్పులు పెరిగి ఇల్లు పోయే పరిస్థితి వస్తుంది. చివరికి ప్రాణం తీసుకుంటాడు. దర్శకుడు డెరిక్ బోర్ట్ అప్పటిదాకా నవ్వించిన కథ ఇక్కడ గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు ఆ పక్కిల్లు మన ఫోన్‌లోనే ఉంది. రీల్స్‌లో మెరిసే వస్తువుల్లో కొన్ని డబ్బు తీసుకుని చూపించేవే. కిస్తీ మీద కొనేముందు ఒక్క మాట అడుగుకోవాలి: ఇది మనకు అవసరమా, లేక వాళ్లకు ఉందనా?