తుపాకీ ఉన్న ఇల్లు, లేని ఇల్లు: పిల్లలు ఏం నేర్చుకుంటారు?

మొన్నటి సంఘం సమావేశంలో ఒక పెద్దావిడ ఇలా అడిగారు: "అమెరికాలో మా మనవడు పక్కింటికి ఆడుకోవడానికి వెళ్తాడు. వాళ్లింట్లో తుపాకీ ఉందేమో అడగరా అంటే మా అబ్బాయి మొహమాటపడుతున్నాడు. అడిగితే తప్పా?" సభ్యులలో చాలామందికి ఇదే సందేహం ఉంది గనుక నాలుగు మాటలు రాస్తున్నాం.

మన ఇళ్లలో తుపాకీ ఉండదు. ఆయుధపూజ నాడు మనం బొట్టు పెట్టేది స్కూటరుకు, కుట్టుమిషనుకు, లెక్కల పుస్తకానికి. చిన్నప్పుడు చేత పట్టింది దీపావళి రీలు తుపాకీ ఒక్కటే. అసలుదాన్ని బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు భుజాన చూశాం. అందుకే తుపాకీ అంటే మనకు అయితే భయం, లేకపోతే సినిమా సరదా.

మనముంటున్న కర్ణాటకలోనే కొడగు జిల్లా సంగతి వేరు. అక్కడి కొడవ కుటుంబాలకు తుపాకీ ఇంటి గౌరవం. సెప్టెంబరులో, వరినాట్లు అయ్యాక, కైల్‌పొల్దు పండుగ చేస్తారు. తుపాకులను అడవినాభి పూలతో అలంకరించి పూజిస్తారు. ఆ పూవునే వాళ్లు 'తోక్ పూ', అంటే తుపాకి పువ్వు అంటారు. తర్వాత కొబ్బరికాయకు గురిచూసి కొట్టే పోటీలు. మగబిడ్డ పుడితే ఒక తూటా, ఎవరైనా పోతే రెండు తూటాలు గాలిలోకి పేల్చడం ఆచారం. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు నుంచి వారికున్న మినహాయింపును కేంద్రం 2029 అక్టోబరు వరకు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా దానిని సమర్థించింది. అక్కడి పిల్లవాడు తుపాకీని మొదట పెద్దల చేతుల్లో, పూజలో చూస్తాడు. మనవాడు మొదట తెర మీద, హీరో చేతిలో చూస్తాడు.

అమెరికాలోనూ ఇంటి ప్రభావం ఇలాగే ఉంది. 2017లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వే చేస్తే, తుపాకీ ఉన్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది తాము పెరిగిన ఇంట్లోనూ తుపాకీ ఉండేదని చెప్పారు. వారికది తాత వేటకు తీసుకెళ్లిన జ్ఞాపకం కావచ్చు. కాబట్టి తుపాకీ ఉన్న పొరుగువాడు చెడ్డవాడని మనం అనుకోనక్కర్లేదు.

అయితే ఒక మాట. గౌరవం గానీ, భయం గానీ తాళం కప్పకు సాటి రావు. అయిదేళ్ల పిల్లవాడికి బొమ్మ తుపాకీకీ అసలుదానికీ తేడా తెలియదు. తుపాకీలో తూటాలు తీసేసి, తాళం వేసి, తూటాలను వేరేచోట తాళంలో పెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. పిల్లల్ని ఆడుకోవడానికి పంపేముందు ఆ ఇంటివారిని అడగమనీ చెబుతోంది.

కనుక ఆ పెద్దావిడకు మా జవాబు: తప్పు కాదమ్మా, అడగమనండి. "మావాడికి వేరుశనగ పడదు, మీ ఇంట్లో కుక్క ఉందా, తుపాకీ ఉంటే తాళంలో ఉందా?" అని ఒకే వరసలో అడిగితే ఎవరూ నొచ్చుకోరు. మనవడికి మాత్రం ఫోనులో మీరే చెప్పండి: తుపాకీ కనబడితే ముట్టుకోవద్దు, అక్కడినుంచి వచ్చేయి, పెద్దవాళ్లకు చెప్పు. మన ఇంట్లో తుపాకీ లేదని ఊరుకుంటే, ఆ పాఠం సినిమా చెబుతుంది.