బానిస పేరుతో వచ్చిన చిల్లర నాణెం

ఈరోజు మన కథ ఓ చిన్న కంచు నాణెం గురించి. దాని మీద లాటిన్‌లో ఓ పేరుంది: మార్కస్ ఆంటోనియస్ హిప్పార్కస్. ముద్రించింది మాత్రం గ్రీసులోని కొరింథు నగరం. గ్రీకు ఊళ్లో లాటిన్ నాణెం ఏంటి అంటారా? చెప్తాను.

క్రీ.పూ. 146లో రోమన్ సేనాని ముమ్మియస్ కొరింథును నాశనం చేశాడు. మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లల్ని బానిసలుగా అమ్మేశారు. వందేళ్ల తర్వాత, క్రీ.పూ. 44లో, జూలియస్ సీజర్ అక్కడే ఓ కాలనీ పెట్టాడు. కాలనీ అంటే మన హౌసింగ్ కాలనీ కాదండోయ్! బయటి నుంచి జనాన్ని తెచ్చి, రోమన్ పద్ధతిలో నడిపే ఊరు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది విడుదలైన బానిసలేనని స్ట్రాబో రాశాడు. వీళ్లు పాత సమాధులు తవ్వి, అందులో దొరికిన కంచు సామాను, మట్టిపాత్రలు రోమ్‌కు అమ్ముకున్నారట. బతకాలి కదా!

ఈ ఊరికి ఏటా ఇద్దరు పెద్దలు. వాళ్లను డుయోవిర్లు అనేవారు. నాణెం మీద వాళ్ల పేర్లే వేసేవారు, చాలాసార్లు వెనక రెక్కల గుర్రం పెగాసస్ బొమ్మతో. మామూలుగా విడుదలైన బానిసకు ఇలాంటి పదవి దక్కదు. సీజర్ కాలనీల్లో మాత్రం ఆ అడ్డు లేదు.

ఇప్పుడు మన హిప్పార్కస్ దగ్గరికి వద్దాం. ఇతను మార్క్ ఆంటోనీ దగ్గర బానిసగా ఉండి విడుదలైనవాడు. అందుకే పేరులో యజమాని పేరు ఉంది. ఆంటోనీ దగ్గర బాగా పలుకుబడి ఉండేదట. ఆంటోనీ విడుదల చేసిన బానిసల్లో అందరికంటే ముందు ఆక్టేవియన్ వైపు దూకింది ఇతనేనని ప్లూటార్క్ చెప్తాడు. తర్వాత కొరింథులో స్థిరపడి డుయోవిర్ అయ్యాడు. నాకైతే ఇతను మరీ మంచోడిలా అనిపించడు. కానీ కూరగాయలు కొనే చిల్లర మీద ఒకప్పటి బానిస పేరు ఉండటం చిన్న విషయమా?

ఈ కంచు చాలావరకు ఆ చుట్టుపక్కలే చెల్లేది. మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికినవి రోమన్ వెండి నాణేలు. అంత దూరం ఎక్కువగా ప్రయాణించేది వెండి, బంగారమే.

క్రీ.శ. 69 తర్వాత డుయోవిర్ల పేర్లు మాయమయ్యాయి. డొమిషియన్ కాలానికొస్తే కొన్ని కొరింథు నాణేల మీద ఇంకో మాట చేరింది: 'చక్రవర్తి అనుమతితో'.