పేరు చూసి తెరిచే తలుపులు

విదేశాల్లో ఉన్నత విద్య అభ్యసించి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన డాక్టర్ అంబేడ్కర్‌కు, హిందూ హోటళ్లు తనను చేర్చుకోవని తెలుసు. అందుకే పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి దిగవలసి వచ్చింది. పదకొండవ రోజున కర్రలతో వచ్చిన పార్సీలు ఆయనను ఖాళీ చేయమన్నారు. ఆ అవమానాన్ని ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో నమోదు చేశారు.

ఆనాటి సత్రపు రిజిస్టరు నేడు సెల్‌ఫోన్ తెర మీదికి వచ్చింది. ఇంట్లో కొన్ని గదులను రోజుల లెక్కన యాత్రికులకు అద్దెకిచ్చే హోమ్‌స్టేలు అరకు నుంచి గోవా దాకా విస్తరించాయి. అతిథి ముందుగా పేరు పంపాలి. చాలాచోట్ల యజమాని సమ్మతిస్తేనే గది ఖాయమవుతుంది. మన సమాజంలో ఇంటిపేరే కులాన్ని పట్టించగలదు. ఇక కర్రలతో పని లేదు, ‘గది ఖాళీ లేదు’ అన్న ఒక్క మాట చాలు.

ఇది ఊహ కాదా అని అడిగేవారు అమెరికాను చూడాలి. ఎయిర్‌బీఎన్‌బీపై హార్వర్డ్ పరిశోధకులు జరిపిన అధ్యయనంలో, తక్కిన వివరాలన్నీ ఒకేలా ఉన్నా, నల్లజాతి వారివిగా ధ్వనించే పేర్లున్న అతిథులకు అంగీకారం దాదాపు 16 శాతం తక్కువగా లభించింది. అక్కడ జాతి చేసిన పని ఇక్కడ కులం చేయదని నమ్మడానికి ఆధారమేమీ లేదు.

మన పర్యాటక శాఖ మార్గదర్శకాలు ఆరు గదుల పరిమితి, యజమాని కుటుంబం అక్కడే నివసించడం, పరిశుభ్రత, భద్రత వంటి అంశాలపై దృష్టి పెడతాయి. ఇవన్నీ అవసరమే. కానీ గది దొరికినవారి సౌకర్యాన్ని కొలిచే తనిఖీకి, తలుపు దగ్గరే ఆగిపోయినవారు కనిపించరు.

‘నా ఇల్లు, నా ఇష్టం’ అన్నది యజమానుల వాదన. అమెరికా 1964 పౌరహక్కుల చట్టం, యజమాని నివసిస్తూ ఐదు గదులకు మించకుండా అద్దెకిచ్చే ఇళ్లను బహిరంగ వసతుల నిబంధన నుంచి మినహాయించింది. మన 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో గదుల లెక్కపై అటువంటి మినహాయింపు లేదు. ‘హోటల్’ నిర్వచనంలోనే బోర్డింగ్, లాడ్జింగ్ గృహాలున్నాయి. రాజ్యాంగం 15(2) అధికరణంలోని ‘దుకాణం’ అన్న మాటకు సేవలందించే వారందరూ వస్తారని రాజ్యాంగసభలోనే అంబేడ్కర్ వివరించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ విశాలార్థాన్నే స్వీకరించింది. ఇంటి గదిని అంగట్లో పెట్టినవాడు పౌరసమానత్వానికి బద్ధుడే.

తెలుగువారు ఎందరో స్థిరపడిన సియాటిల్‌లో రోజువారీ అద్దె ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి. అదే నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ, ఉద్యోగాలతో పాటు నివాసాన్నీ బహిరంగ వసతులనూ ఆ పరిధిలోకి తెచ్చింది. సముద్రాల కవతల సాధ్యమైనది కులం పుట్టినగడ్డ మీద అసాధ్యమా?

రాష్ట్రాలు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. బుకింగు ఖాయమయ్యేదాకా యజమానికి అతిథి పేరు, ఫోటో కనిపించకూడదు. ప్రతి తిరస్కరణకూ కారణం నమోదు కావాలి. వివక్ష రుజువైతే రిజిస్ట్రేషన్ రద్దు కావాలి. చట్టం ఉన్నా, తిరస్కరణకు సాక్ష్యం లేకపోతే బాధితుడికి న్యాయస్థానంలో చూపడానికి ఏమీ మిగలదు. ఆ సాక్ష్యాన్ని నిలిపే బాధ్యత లైసెన్సు ఇచ్చే ప్రభుత్వానిదే.