శోకగృహమున కృతజ్ఞతా దినము

మా యక్కగారి కుమార్తె భర్తతో గూడ అమెరికాదేశమున కాపురమున్నది. రెండేండ్ల క్రిందట జులై నెలలో మా యక్కగారు ప్రభువునందు నిద్రించిరి. కడచూపునకు ఆ చిన్నది రాజాలకపోయెను. ఆ నవంబరు నెలాఖరున దాని యొద్దనుండి మాకొక జాబు వచ్చెను. అచ్చటివారి కృతజ్ఞతా దినము ఆ నెల నాలుగవ గురువారము. నాడు పొరుగింటి వృద్ధురాలు వీరిని భోజనమునకు బిలిచినదట. వడ్డనకు ముందు బల్లచుట్టు గూర్చున్న వారందరును ఒక్కొక్కరుగా, ఆ యేట తాము దేవునికి దేనినిగూర్చి కృతజ్ఞులమో చెప్పుట అనేక గృహములలో వాడుక. ఒకరు క్రొత్త యుద్యోగమనిరి. ఒకరు మనుమడు పుట్టెననిరి. దీని వంతు వచ్చునప్పటికి నోరు పెగలక, లేచి వంటయింటిలోనికి బోయి నిలుచున్నదట. "పిన్నీ, అమ్మ పోయిన యేట నేనేమని చెప్పవలసియుండెను? ఊరకుండుట తప్పా? మనసున లేని మాట చెప్పుట తప్పా?" అని వ్రాసినది.

వెంటనే బదులు వ్రాయలేకపోతిమి. ఆ యేటి కోతపండుగనాడు మా గుడిలో అందరును స్తుతికీర్తన పాడుచుండగా మేమును పెదవులు కదల్చితిమి గాని గొంతు కదలలేదు. తనకు దొరకని సమాధానము ఇతరులకెట్లు వ్రాయవచ్చును? ఆ దినమెట్లు పుట్టినదో తెలిసికొన్నచో దారి కనబడునేమోయని దాని చరిత్రమును వెదకి చదివితిమి. చదివినకొలది మాకొక సంగతి విస్మయము గలిగించినది. ఆ పండుగ మొదట నిలిచిన వారిలో పెక్కుమంది ఆప్తులను బోగొట్టుకొన్న వారే.

1620 వ సంవత్సరము తుదిని మేఫ్లవరను నౌకలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లాండునుండి అట్లాంటికు సముద్రము దాటి అమెరికా తూర్పు తీరము చేరిరి. తమ మనస్సాక్షి ననుసరించి దేవుని గొలుచుకొనవలెనను కోరికగల కుటుంబములు వారిలో ముఖ్యులు. ప్లిమత్తు అను చోట దిగిరి. చలికాలము, చాలని తిండి, వ్యాధులు. వసంతము వచ్చునప్పటికి సగముమంది మట్టిలో గలిసిపోయిరి. స్త్రీల గతి మరియు ఘోరము. భర్తలతో నౌక యెక్కిన యిల్లాండ్రు 18 మంది కాగా, మరుసటి శరత్కాలమునకు మిగిలినవారు నలువురే.

ఆ శరత్కాలమున, అనగా 1621 లో, పంట యింటికి వచ్చినది. మూడు దినములు విందు జరిగినది. ఆ ప్రాంతపు వాంపనోగు జాతివారి నాయకుడు మాససోయిటు 90 మంది మనుష్యులతో వచ్చెను. వారు అయిదు దుప్పులను వేటాడి తెచ్చియిచ్చిరి. ఎడ్వర్డు విన్‌స్లో అనునాయన వ్రాసిన జాబు వలన ఈ సంగతులు మనకు దెలియుచున్నవి. దుప్పులను లెక్కించిన ఆ జాబు పొయ్యి యెదుట నిలిచినవారిని లెక్కింపలేదు. సుమారు 140 మందికి మూడు దినముల వంట! ఆ నలువురు ఇల్లాండ్రును, కొందరు బాలికలును తప్ప ఆ యూర ఆడుదిక్కు లేదు. వారిలో సుసన్నా అను నామె నౌకలోనే బిడ్డను గన్నది. రెండుమూడు నెలలకే భర్త మరణించెను. మే నెలలో ఆ విన్‌స్లోనే మరల వివాహమాడినది. ఆయనయు ఆ చలికాలముననే భార్యను బోగొట్టుకొన్నవాడు. విందునాటికి ఆ బిడ్డకు ఏడాది నిండలేదు. చంకను బిడ్డతో కుండ దింపుచు ఆమె యేమి తలపోసినదో ఏ గ్రంథమునను లేదు. మన యిండ్లలో ఏడాది తిరుగకుండనే శుభకార్యపు వంటకు నడుము గట్టిన స్త్రీలను జూచినవారికి కొంత దెలియకపోదు.

ఆ పంట మాత్రము ఎట్లు పండినది? ఆ నేలకు దగిన మొక్కజొన్నను, చేపలను ఎరువుగా బెట్టి నాటు విధమును వారికి టిస్‌క్వాంటమను స్థానికుడు నేర్పెను. ఇతని కథ వినిన హృదయము కరగును. 1614 లో ఒక ఆంగ్ల నావికుడు ఇతనిని మోసముతో బట్టుకొనిపోయి స్పెయినుదేశమున బానిసగా నమ్మెను. అచ్చటినుండి ఎట్లో యింగ్లాండు చేరి, 1619 లో స్వదేశమునకు తిరిగివచ్చి చూడగా, అంతకుముందు వచ్చిన మహమ్మారి వాతబడి అతని గ్రామమంతయు పాడుపడియున్నది. పాటుక్సెట్టు అను ఆ గ్రామపు స్థలముననే ఆంగ్లేయులు తమ ప్లిమత్తును గట్టుకొనిరి. తనవారి యెముకలున్న నేలమీద, తన్ను బానిసగా నమ్మిన వాని జాతివారికి అతడు విత్తు నాటుట నేర్పెను. అతనికి తన ప్రయోజనములును లేకపోలేదని చరిత్రకారులందురు. ఉండుగాక. ఆకలిగొన్నవారి చేతికి విత్తనము వచ్చినది.

ఆ యుపకారమునకు జరిగిన ప్రత్యుపకారమును దాచుట న్యాయము గాదు. మాససోయిటు కుమారుని కాలమున, 1675 లో, ఆంగ్లేయులకును వాంపనోగులకును ఘోరయుద్ధము ప్రారంభమాయెను. మరుసటి యేట ఆ కుమారుడు చంపబడగా, అతని తలను ఆ ప్లిమత్తులోనే కొయ్యపై నిలిపిరి. అందుచేతనే 1970 మొదలు ఆ జాతులవారనేకులు ఆ గురువారముననే ప్లిమత్తులో గూడి దానిని సంతాపదినముగా బాటించుచున్నారు. ఇది మా చిన్నదానికి వ్రాయగా, "ఆ బల్లయొద్ద ఏడ్చినది నేనొక్కతెనే కానన్నమాట" యని బదులు వ్రాసినది.

ఇంతవరకు జెప్పినది పండుగ బీజము. దానిని దేశమంతటికి ఒక్కదినముగా నిలిపినది ఒక స్త్రీ. ఆమె మనమిప్పుడు చదువుచున్నట్టి స్త్రీల మాసపత్రికకే సంపాదకురాలు!

సారా జోసెఫా హేల్ 1788 లో న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున న్యూపోర్టు గ్రామమున బుట్టినది. ఆ కాలమున బాలికలకు కళాశాలలు లేవు. తల్లి యింటనే చదువు చెప్పినది. అన్న కళాశాలనుండి పుస్తకములు దెచ్చి తాను నేర్చినది చెల్లెలికి నేర్పెను. భర్త డేవిడ్ హేల్ న్యాయవాది. ప్రతిరాత్రి ఎనిమిది మొదలు పదిగంటలవరకు దంపతులిరువురును గూర్చుండి చదువుకొనువారట. (ఉపాధ్యాయుల యింటనే యిట్టి రెండుగంటలు దొరకుట కష్టము. మాకు దెలియును.) 1822 లో ఆయన గతించెను. అప్పటికి బిడ్డలు నలువురు. అయిదవ బిడ్డ కొలదిదినములలో బుట్టెను. ఆనాటినుండి 1879 లో తాను గతించువరకు ఆమె నల్లని వస్త్రములు విడువలేదు.

మొదట ఆడబిడ్డతో గూడి స్త్రీల టోపీలు కుట్టి యమ్మినది. అది సాగక కలము బట్టినది. 1827 లో వెలువడిన ఆమె నవలయందు ఒక కృతజ్ఞతా దినపు విందును, బల్లమీది టర్కీకోడి మొదలుకొని ప్రతి వంటకమును, ఒక ప్రకరణమంతయు వర్ణించినది. మరుసటి యేట బోస్టను నగరమున ఒక స్త్రీల పత్రికకు సంపాదకురాలైనది. 1837 మొదలు "గోడీస్ లేడీస్ బుక్" అను పత్రికకు నలువదేండ్లు సంపాదకత్వము నెరపినది. మన పిల్లలు బడిలో బాడు మేరీ గొర్రెపిల్ల పాటయు ఆమె వ్రాసినదే. స్త్రీలకు విద్యయు వైద్యవృత్తియు కావలెనని వాదించినది. ఆసియాదేశముల స్త్రీల చికిత్సకు స్త్రీ వైద్యులను బంపవలెనని కోరినవారిలో ఆమె యొకతె. స్త్రీల వోటుహక్కును మాత్రము ఆమె సమర్థింపలేదు. అది మాకు నచ్చలేదు. ఎంతటివారికైనను తమ కాలపు గోడలు కొన్ని యుండును గాబోలు.

ఆ కాలమున కృతజ్ఞతా దినము ఉత్తరపు రాష్ట్రములందే యెక్కువ వాడుక. ఒక్కొక్క రాష్ట్రాధిపతి ఒక్కొక్క తేదీని బెట్టువాడు. దక్షిణమున పలుచోట్ల దాని పేరే లేదు. జార్జి వాషింగ్టను 1789 లో దేశమంతటికి ఒకసారి ప్రకటించెను గాని అది ప్రతియేటి పండుగగా నిలువలేదు. దేశమంతయు ఒక్కదినమున ఒక్క బల్లయొద్ద గూర్చున్నచో విడిపోదని హేల్ తలచినది. 1846 లో మొదలుపెట్టి తన పత్రికలో ఏటేట వ్రాసినది. రాష్ట్రాధిపతులకు వ్రాసినది. దేశాధ్యక్షులకు వ్రాసినది. టేలరు, ఫిల్‌మోరు, పియర్సు, బుకానను, ఒకరి తరువాత నొకరు వచ్చిరి, పోయిరి. పని కాలేదు.

ఇచ్చట ఒకమాట చెప్పుదుము. ఓర్పు అని మన యిండ్లలో ఆడుపిల్లలకు నేర్పునది చాలవరకు నోరు మూసికొనుటయే. అత్తగారు కసరినను ఓర్పు, ఆకలియైనను ఓర్పు. యోబు భక్తుని ఓర్పు ప్రసిద్ధము గదా! ఆయన గ్రంథము తెరచి చూడుడు. ఆయన మౌనముగా నుండలేదు. ఫిర్యాదు చెప్పెను, ప్రశ్నించెను, దేవుని మాత్రము విడువలేదు. హేల్ ఓర్పును ఆ జాతిదే. ఒక జాబునకు బదులు రానప్పుడు మరియొక జాబు వ్రాసినది. అట్లు 17 సంవత్సరములు.

ఆమె భయపడినంతయు జరిగినది. 1861 లో దేశము రెండుగా జీలి అంతర్యుద్ధము వచ్చినది. 1863 జులై మొదటి మూడు దినములలో గెటిస్‌బర్గు వద్ద ఇరుపక్షములందును గలిసి చచ్చినవారు, గాయపడినవారు, కానరానివారు సుమారు 51,000 మంది. ఆ సెప్టెంబరు 28 వ తేదీన డెబ్బదినాలుగేండ్ల ఆ వృద్ధురాలు అధ్యక్షుడు లింకనుకు మరల జాబు వ్రాసినది. అక్టోబరు 3 వ తేదీన ప్రకటన వెలువడెను. నవంబరు కడపటి గురువారము కృతజ్ఞతా దినమని. లింకను మాత్రము సుఖముగా నున్నవాడా? అంతకుముందు యేటి ఫిబ్రవరిలో పదునొకండేండ్ల కుమారుని బాతిపెట్టినవాడు. ఆ ప్రకటనయందు పంటలకును గనులకును వందనములు చెప్పుటతో ఊరకొనక, యుద్ధమువలన విధవలైనవారిని, దిక్కులేని బిడ్డలను, దుఃఖించువారిని దేవుని కరుణ కప్పగింపుడని ప్రజలను వేడెను. దుఃఖించువారిని వెలుపల నిలిపి చేయు పండుగ కాదది. ఏటేట అధ్యక్షులు ప్రకటించుచు వచ్చిన ఆ దినము 1941 లో శాసనముచే నాలుగవ గురువారముగా స్థిరపడినది. అప్పటికి హేల్ పోయి అరువదియేండ్లు దాటినది.

ఇదంతయు జదివిన పిమ్మట మాకు మన యిండ్లలోని యొక యాచారము జ్ఞప్తికి వచ్చినది. మన తెలుగు క్రైస్తవ కుటుంబములలో పలువురు తల్లులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. ఆదివారమున అది గుడికి జేరును, లేదా బీదలకు జేరును. దోర్నకలు బిషప్పు అజరయ్యగారు నిరుపేద సంఘములకు గూడ ఇచ్చుట నేర్పినవారు. కూలివాని కానుక చిన్నదని తిరుగగొట్టినచో వాని గౌరవమును తిరుగగొట్టినట్లే గదా! కోతపండుగనాడు గుడిలోనికి వచ్చు గుమ్మడికాయలు, కోళ్లు, వరికంకులు, తరువాత జరుగు వేలము, ఆ వేలములో ఒక్క సొరకాయకు పంతముపట్టి పదిరెట్లు పెంచు పెద్దమనుష్యులు, ఇవి చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

మా తండ్రిగారు తెలుగు పండితులు. మాచేత ఉదయము బైబిలును, సాయంకాలము భారతమును చదివించెడివారు. ధర్మరాజు అశ్వమేధము ముగిసినప్పుడు సగము మేను బంగారమైన ముంగిస వచ్చి, ఈ యాగము ఒక బీదబ్రాహ్మణుని పేలపిండికి సరిరాదని పలికిన కథ చెప్పి, వెంటనే మార్కు సువార్త తీసి, విధవరాలి రెండు కాసుల కథ చదువుమనెడివారు. ఆ బ్రాహ్మణుడు కరవునాట అతిథికి తన పాలిచ్చెను. భార్య యిచ్చెను, కొడుకిచ్చెను, కోడలిచ్చెను. మా యక్క అప్పుడు పదేండ్లది. "కోడలు కడపట నిచ్చినది గనుక ఆమెకే యెక్కువ ఆకలి యైయుండును నాన్నగారూ" అనినది. నాన్నగారు చాలసేపు మాటలాడలేదు.

ఆ మాటను జ్ఞప్తి చేసికొనుచు మా చిన్నదానికి జాబు వ్రాసితిమి. "అమ్మాయీ, నీవు వంటయింటిలోనికి బోయి నిలుచుట తప్పుగాదు. ఆ పండుగ పుట్టినదే యట్టి వంటయింట. సంతోషము లేనిది కృతజ్ఞత కూడదని ఎవరును చెప్పలేదు. మరల నీ వంతు వచ్చినప్పుడు, మా యమ్మ నాకు ఇరువదియారేండ్లు ఉండెనని చెప్పుము. అది మనసున లేని మాట కాదు గదా! చెప్పజాలకున్నచో ఏదైన నొక వంటకము చేసికొని పొమ్ము" అని వ్రాసితిమి. ఆ వాక్యము వ్రాసినప్పుడే మాకును నాలుగు నెలలుగా రాని కన్నీరు వచ్చినది. ఆ మరుసటి ఆదివారము గుడిలో గొంతు గొంత కదలినది.

క్రిందటి నవంబరులో దాని జాబు మరల వచ్చెను. ఆ పొరుగింటివారే మరల బిలిచినారట. అక్కడ ఆ దినమున గుమ్మడికాయతో తీపి వంటకము చేయుదురు. తాను గుమ్మడికాయ దప్పళము చేసికొని పోవలెనని తలచినదట. "పిన్నీ, అమ్మ దానిలో బెల్లమెంత వేసెడిది?" అని అడిగినది. కొలత మేమును ఎరుగము. అక్క యేనాడును కొలిచినది కాదు. పిడికెడు అని వ్రాసితిమి.