బిడ్డకు జబ్బు.. ఇంటికి విచారణ

కుండల్‌వాడి: పిల్లలకు పెద్ద జబ్బు వస్తే మనవాళ్లలో చాలామంది నిజామాబాద్, హైదరాబాద్ దవాఖానల దారి పడతారు. పైసలు అయిపోతే సగం వైద్యంలోనే ఇంటికి తెచ్చేసుకుంటారు. డాక్టరుకు చెప్పరు. చిక్కంతా అక్కడే! ఆయన కళ్లకు అది నిర్లక్ష్యంగా కనిపించొచ్చు. బాలల సంక్షేమ సమితికి (మనకు తెలిసిన పేరు బాల్ కల్యాణ్ సమితి) కబురు పోవచ్చు. వాకిట్లో జీపు ఆగితే చాలు, 'పిల్లను తీసుకుపోతరట' అని గల్లీ అంతా గుప్పుమంటుంది.

చెప్పకుండా వెళితే ఏమవుతుందో బ్రిటన్‌లో చూశారు. 2014 ఆగస్టులో మెదడులో గడ్డ ఉన్న ఐదేళ్ల బాబును తల్లిదండ్రులు సౌతాంప్టన్ ఆస్పత్రి నుంచి స్పెయిన్ తీసుకెళ్లారు. ప్రోటాన్ చికిత్స చేయించాలని వారి ఆరాటం. వారెంటు వచ్చింది. కన్నవాళ్లు మాడ్రిడ్ జైల్లో, బాబు మలగ ఆస్పత్రిలో! జనం మండిపడ్డాక వారెంటు వెనక్కి తీసుకున్నారు. చివరికి హైకోర్టు ఒప్పుకోవడంతో ప్రాగ్‌లో ఆ చికిత్సే చేయించారు.

మరి మన దగ్గర? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం జబ్బు ఒక్కటే చాలదు. నయంకాని జబ్బున్న బిడ్డకు దిక్కు లేదనో, కన్నవారు చూసుకోలేరనో సమితి తేల్చాలి. ఇంటి పరిస్థితిపై నివేదిక 15 రోజుల్లో, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. బిడ్డను హోమ్‌లో ఉంచడం ఆఖరి మార్గమే. గత్యంతరం లేక కన్నవారు బిడ్డను వదిలేసినా, అది కావాలని చేసింది కాదనే చూడాలని 75వ సెక్షన్ చెబుతోంది. పేదరికాన్ని క్రూరత్వంతో కలిపేయకుండా పెట్టిన మాట ఇది. విచారణకు వచ్చేవాళ్లు అందరూ దీన్ని గుర్తు పెట్టుకుంటే బాగుండు.

సరిహద్దు ఊళ్లకు పనికొచ్చేది 95వ సెక్షన్. విచారణ హైదరాబాద్‌లో మొదలైనా, బిడ్డకు మేలనుకుంటే కేసును నాందేడ్ సమితికి పంపొచ్చు. అడగడానికి మొహమాటం వద్దు. కాగితం మరాఠీలో ఉన్నా, ఇంగ్లిష్‌లో ఉన్నా తెలుగులో చదివి చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి.

ఖర్చు భరించలేకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పి, డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. ఆ కాగితంతో మహారాష్ట్రలోని మహాత్మా జోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన కింద ఏ దవాఖానలో వైద్యం దొరుకుతుందో వాకబు చేయొచ్చు. రేపు అధికారి గడప తొక్కినా ముందు చూపాల్సింది ఆ కాగితమే.