మందు నాణ్యతకు ఆవేశాల పరీక్ష

క్యాన్సర్ మందు కొనాల్సి వచ్చిన ఇంట్లో మొదట వచ్చే సందేహం: ‘తక్కువ ధరకు దొరికే ఈ మందు అసలు మందులాగే పనిచేస్తుందా?’ ఒక రకం రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌కు ఇలాంటి బయోసిమిలర్ మందులు ఉన్నాయి. ఆ సందేహాన్ని తీర్చే పరీక్షల్లో ఒకటి అయాన్ వినిమయ క్రొమటోగ్రఫీ. పేరు పెద్దదే గానీ, దాని మూలసూత్రం మన పిల్లలు బడిలో చదివేదే. వ్యతిరేక ఆవేశాలు ఆకర్షించుకుంటాయి, అంతే.

పారాసెటమాల్‌ను రసాయనాలతో తయారుచేస్తారు. దాని అణువులన్నీ ఒకేలా ఉంటాయి. ట్రాస్టుజుమాబ్ అలా కాదు. అది యాంటీబాడీ, అంటే ఒక ప్రోటీన్. దాన్ని జీవకణాల చేత తయారు చేయిస్తారు. ఒక్కో అణువులో 1,300కు పైగా అమైనో ఆమ్లాలుంటాయి. అంత పెద్ద అణువులో అక్కడక్కడా మార్పులు రావడం సహజం. ఆస్పరజిన్ కాస్తా ఆస్పార్టిక్ ఆమ్లంగా మారితే ఒక ఋణావేశం చేరుతుంది. గొలుసు చివర లైసిన్ ఊడకుండా ఉండిపోతే ఒక ధనావేశం ఎక్కువవుతుంది. వీటినే ఆవేశ రూపాంతరాలు అంటారు.

వీటిని విడదీసేదెలా? వాటర్ సాఫ్ట్‌నర్‌ను గుర్తుచేసుకోండి. అందులోని రెసిన్ గుళికలు కఠిన జలంలోని కాల్షియంను పట్టుకుని సోడియంను వదులుతాయి. తర్వాత ఉప్పునీరు పోస్తే కాల్షియం బయటికి పోతుంది. ప్రయోగశాలలోనూ దాదాపు ఇదే పని జరుగుతుంది. సన్నని గొట్టంలో ఋణావేశమున్న గుళికలు నింపుతారు. ధనావేశంతో ఉన్న యాంటీబాడీలు వాటికి అంటుకుంటాయి. ఆపై ద్రావణంలో ఉప్పు గాఢతను మెల్లగా పెంచుతారు. ధనావేశం తక్కువున్న ఆమ్ల రూపాలు ముందు, ప్రధాన రూపం తర్వాత, క్షార రూపాలు చివర బయటికి వస్తాయి. అతినీలలోహిత కాంతితో వాటిని గుర్తించి గ్రాఫు గీస్తారు. గ్రాఫులోని శిఖరాల వైశాల్యాన్ని బట్టి ఏ రూపం ఎంత శాతముందో తెలుస్తుంది.

అన్ని మార్పులూ ప్రమాదం కాదు. ట్రాస్టుజుమాబ్ తేలిక గొలుసులో 30వ స్థానంలోని ఆస్పరజిన్ మారితే మందు శక్తి కొంచెమే తగ్గుతుంది. బరువు గొలుసులో 102వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం అమరిక మారితే మాత్రం శక్తి బాగా పడిపోతుంది. అందుకే శిఖరాలను లెక్కపెట్టి ఊరుకోరు. ఒక్కోదాన్ని వేరుచేసి పరీక్షిస్తారు, అసలు మందుతో పోల్చిచూస్తారు.

ఈ రంగంలో మన దేశానిది చిన్న పాత్రేమీ కాదు. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్‌ను, బెంగళూరులోని బయోకాన్ 2014లో ట్రాస్టుజుమాబ్‌ను మార్కెట్లోకి తెచ్చాయి. మైలాన్‌తో కలిసి బయోకాన్ రూపొందించిన ట్రాస్టుజుమాబ్‌కు 2017 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. ఆవేశాల పరీక్ష ఒక్కటే చాలదు. ప్రోటీన్‌కు అంటుకున్న చక్కెరల పరిశీలన, జీవకణాలపై పరీక్షలు, రోగులపై ప్రయోగాలు కూడా ఉంటాయి.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వేడి తగిలితే ఈ మార్పులు వేగంగా జరుగుతాయి. అందుకే ట్రాస్టుజుమాబ్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఆస్పత్రికి తీసుకెళ్లే దారిలోనూ ఈ జాగ్రత్త తప్పదు. ఇక ఉపాధ్యాయులు కఠిన జలం పాఠం చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ కూడా కలిపితే, బకెట్ నీళ్ల దగ్గర మొదలైన సూత్రం క్యాన్సర్ మందు దాకా ఎలా వెళ్లిందో పిల్లలకు తెలుస్తుంది.